రెండువందల పన్నెండు మందికి ఒక్క తాత

తమ్ముడికి, అక్క దీవెనలు.

తెల్లారినప్పటి నుంచి ముసురు. పదకొండు మందికి కట్లు మార్చి, మందుల బీరువా సర్దాను. మధ్యాహ్నం మీ ఆరోగ్య గణాంకాల ఆఫీసు కాగితం వచ్చింది. మా ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళకు ఏ జబ్బూ లేదట. వచ్చే నెల నుంచి బుధవారం డాక్టరు రారట. బుధవారమైతే ఈ ఆరోగ్య కేంద్రం వరండాలో కూర్చోను చోటుండదు. ఎవరు చెప్పారో కనుక్కో.

అక్క

తా.క. ఆ కాగితం వరండాలో చదివి వినిపించాను. సగం మందికి వినబడలేదు.

*

అక్కకు నమస్కారం.

ఇల్లిల్లూ తిరిగితే ఖర్చని, ఇష్టమున్నవాళ్ళే ఫోన్లో జవాబు చెప్పమన్నాం. మీ ముసలివాళ్ళలో చెప్పింది దర్జీ తాత ఒక్కడే. మీ ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళ జనాభాకు సరిపోవాలని ఆయన్ను రెండువందల పన్నెండు మందిగా లెక్క వేశాం. రోజూ నాలుగు మైళ్ళు నడుస్తానన్నాడు. అంచేత అందరూ నడుస్తున్నారు. గడువు దాటింది, కొత్తవాళ్ళను చేర్చరు. ఆయన మాత్రం జవాబు దిద్దుకోవచ్చు.

తమ్ముడు

తా.క. వాళ్ళంతా కలిసి నడిచే ఫోటో పంపమంటున్నారు మా ఆఫీసరు.

*

తమ్ముడికి,

తాత ఇంటికి వెళ్ళాను. గోడ పట్టుకుని తలుపు దాకా రావడానికి పావుగంట పట్టింది.

"అలా చెప్పావేం తాతా?"

"ఎవరో అమ్మాయి, ఎలా ఉన్నారండీ అంది. పరాయి పిల్ల దగ్గర నా ఏడుపంతా ఏడుస్తానా తల్లీ? బాగున్నానన్నాను."

కూర్చోబెట్టి నిజం రాయించాను. మోకాళ్ళు, ఆయాసం, కంట్లో పొర. కాగితం జతచేశాను.

అక్క

తా.క. నాలుగు మైళ్ళూ కుట్టుమిషను తొక్కిన రోజుల లెక్కట.

*

అక్కకు,

దిద్దాం. ఒక్క నెలలో రెండువందల పన్నెండు మందికి కళ్ళలో పొర కమ్మినట్టు తేలింది. ఆఫీసరు కంగారుపడి మంగళవారం ఆయనకు మళ్ళీ ఫోన్ చేయిస్తామన్నారు. అదే మాట చెబితే డాక్టరు ఉంటారు.

తమ్ముడు

తా.క. ఆ పిల్ల ఎంత మర్యాదగా అడిగినా బాగున్నాననవద్దని చెప్పు.

*

తమ్ముడికి,

తాత ఆదివారం పోయాడు. మంగళవారం ఆయన ఫోన్ నేనే ఎత్తి చెప్పాను. మిగతా రెండువందల పదకొండు మందీ ఉన్నారని కూడా చెప్పాను.

అక్క

తా.క. ఆ పిల్ల, "అయితే ఎప్పుడు చేస్తే దొరుకుతారండీ?" అంది.

*

అక్కకు,

ఆయన పోయాడని రాస్తే రెండువందల పన్నెండు మంది ఒకేరోజు పోయినట్టు. దానికి ఆఫీసరు పైవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఆ గడిలో గీత పెట్టాం. గీత అంటే ఆ వయసువాళ్ళు మీ ఊళ్ళో లేరని.

తమ్ముడు

తా.క. నేను చెప్పి చూశాను. ఒక్కడి మాట పట్టుకుని లెక్కలు మార్చలేమన్నారు.

*

తమ్ముడికి,

ఈ బుధవారం డాక్టరు గారు ఆఖరిసారి వచ్చారు. నలభై ముగ్గురు చీటీలు తీసుకున్నారు. ఇరవై ఏడుగురిని చూశారు. అమ్మ చీటీ ముప్ఫై ఒకటి. డాక్టరు గారు నాలుగున్నర బస్సుకు వెళ్ళిపోయారు.

అక్క