ఏడు గజాల వెనక

ఫ్రిస్కో,
ఆదివారం.

ఏమండీ,

మల్లేశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేనూ హంసికా బాగానే ఉన్నాం. నీరజ్ గురించి కూడా అదే మాట రాయాలని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయలేకపోయాను. మీ ఆరోగ్యం జాగ్రత్త. హైదరాబాద్‌లో ఆ గదికి మారాక భోజనం ఎలా కుదిరిందో మీరు రాయనే లేదు.

కాన్సులేట్ వాళ్ళు అడిగిన కాగితాలన్నీ ఇందులో పెట్టాను. మీ ఆఫీసు వాళ్ళు సంతకం చేసిన ఉత్తరం పైనే ఉంటుంది. మీ ఉత్తరం తెచ్చిన భాస్కర్ గారు మంగళవారం మళ్ళీ హైదరాబాద్‌కి బయలుదేరుతున్నారని ఆయన చేతికే ఇస్తున్నాను. కారు ఇన్‌స్పెక్షన్ గురించి అడిగారు. టెక్సాస్‌లో ఇప్పుడది తీసేశారట, మన కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది; అదీ రిజిస్ట్రేషనూ చేయించాను. హంసిక రోజూ పొద్దున్నే "డాడీ వీసా వచ్చిందా?" అని అడిగి, నా జవాబు వినకుండానే బస్సుకి పరుగెడుతోంది. రెండు వారాల్లో వస్తానని వెళ్ళి పదకొండో వారం కదా, అడగడం దానికి అలవాటైపోయింది.

ఇక మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న. నీరజ్ మొన్న గురువారానికి ముందు మ్యాచ్ అంతా ఎందుకంత వెనక నిలబడ్డాడని అడిగారు. మీరు వెళ్ళేదాకా నాకు ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి తప్ప ఏమీ తెలియదు. వాడు కార్నర్‌బ్యాక్ అంటే ఏదో మూలన నిలబడతాడనుకునేదాన్ని. మీరు లేక, అడిగేవాళ్ళు లేక, వాడే వంటగదిలో నన్ను ఎదురుగా నిలబెట్టి చెప్పాడు.

"అమ్మా, నువ్వు రిసీవర్. బాల్ క్యాచ్ చెయ్యడానికి రన్ చేస్తావు. ప్రెస్ అంటే నేను నీ ఫేస్ ముందే ఉంటా. నువ్వు మూవ్ అవ్వగానే చెస్ట్ మీద చెయ్యి వేసి స్లో చేస్తా. మిస్ అయితే, వెంటనే టర్న్ అయి ఫుల్ స్పీడ్‌లో నీతో రన్ చెయ్యాలి."

"మరి ఆఫ్ అంటే?"

"సెవెన్ యార్డ్స్ బ్యాక్. నువ్వు షార్ట్ బాల్ పట్టుకుంటే పట్టుకో. నన్ను దాటి మాత్రం వెళ్ళకూడదు."

అది చెబుతూ తిరిగి చూపించబోయి, స్టవ్ గట్టు పట్టుకుని ఆగిపోయాడు. ఎడమ తొడ వెనక కండరం ప్రాక్టీసులో పట్టేసిందట. అందుకే వెనక నిలబడితే ఆట బాగా కనిపిస్తోందని కోచ్ డాల్టన్‌కి చెప్పి, ఆ మ్యాచ్ ఆఫ్‌లోనే నెట్టుకొచ్చాడు. వాడు భయపడలేదండీ. మెయిన్ టీమ్‌లోకి ఒకరిని తీసుకుంటామన్నారు కదా, నొప్పి అంటే పక్కన కూర్చోబెడతారని దాచాడు. కోచ్‌కి, మీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేడినీళ్ళ సంచీ పెట్టాను, మందు రాశాను. పది రోజులు ఇద్దరం అలా దాచాం.

ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. "వాడు భయపడి వెనక్కి జరిగాడా? నాన్న నేర్పింది అది కాదని చెప్పు" అని రాశారు. నేను ఆ వాక్యం వాడికి చదివి వినిపించాను. అదొక్కటీ వదిలేసి చదివి ఉండొచ్చు, తెలుగు వాడు చదవలేడు కదా. నాకు ఆ తెలివి లేకపోయింది. "ఐ యామ్ నాట్ స్కేర్డ్" అని మాత్రం అని, ప్లేటు సింక్‌లో పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం మ్యాచ్ మీరు నా ఫోన్‌లోనే చూశారు. మూడో క్వార్టర్‌లో కోచ్ పక్కనుంచి "ప్రెస్!" అని అరిచారు. నీరజ్ ఒక్కసారి నేను కూర్చున్న వైపు తిరిగాడు. తర్వాత ముందుకు నడిచాడు. ఫోన్‌లోంచి మీరు "అదీ! అలా నిలబడాలి!" అని అరుస్తున్నారు. ఫోన్ సరిగ్గా పట్టుకో, బొమ్మ కదిలిపోతోందని కసిరారు. ఆ ఏడు గజాలు వాడు నడుస్తుంటే, తర్వాత ఏం జరుగుతుందో ఆ మైదానంలో వాడికీ నాకూ మాత్రమే తెలుసు. లేచి నిలబడ్డాను. అరవాలనుకున్నాను. ఏమని అరవను?

అవతలి కుర్రాడు వాడి చెయ్యి తప్పించుకున్నాడు. నీరజ్ తిరిగాడు, నాలుగడుగులు పరుగెత్తాడు, తొడ పట్టుకుని కూలిపోయాడు. ఎవరూ తగలకుండా ఎలా పడ్డాడని ఫోన్‌లో మూడుసార్లు అడిగారు. కండరం పట్టేసిందన్నాను. పట్టేయడం కాదండీ, చిరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు గానీ మూడు నెలలు పరుగు మాట ఎత్తొద్దన్నారు. ఆ తర్వాత మునుపటి వేగం వస్తుందా అంటే డాక్టర్ "చూద్దాం" అన్నారు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. గురువారం పొద్దున వాడు షూ వేసుకుంటూ నన్ను అడిగాడు.

"అమ్మా, కోచ్‌కి చెప్పేస్తే బెటరా? లెగ్ అస్సలు బాలేదు."

ముందురోజే కాన్సులేట్ వాళ్ళు మిమ్మల్ని మళ్ళీ కాగితాలు అడిగారు. ఫోన్‌లో మీ గొంతు అలా నీరుగారిపోవడం పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో నేను వినలేదు. మీకు ఒక్క పూట సంతోషం ఇవ్వాలనిపించింది. "ఈ ఒక్కటీ ఆడు కన్నా. నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తారు. రేపు చెబుదాం" అన్నాను. వాడు "ఓకే" అని బ్యాగు తీసుకున్నాడు.

నిన్న కోచ్ ఇంటికి వచ్చారు. సోఫా అంచున కూర్చుని, కాలు అంతకుముందే నొప్పిగా ఉందా అని అడిగారు. ఉందని నీరజ్ ఒప్పుకున్నాడు. ఇంట్లో ఎవరికైనా తెలుసా అన్నారు.

"నో సర్. నోబడీ న్యూ." ఎవరికీ తెలియదట.

నేను కాఫీ కప్పుతో పక్కనే నిలబడి ఉన్నాను. వాడు నా వైపు చూడను కూడా లేదు. నేను కప్పు ఆయన చేతికిచ్చాను.

ఆయన వెళ్ళాక, ఫోన్ చేసి నిజం చెప్పేస్తానన్నాను. "వద్దమ్మా! ఇప్పుడు నువ్వు చెప్తే నేను లయర్ అవుతా. నెక్స్ట్ ఇయర్ కూడా తీసుకోరు" అన్నాడు. చెబితే నష్టం వాడికే. చెప్పకపోతే నా తప్పు పదహారేళ్ళవాడు మోస్తాడు. ఏది చేయాలో మీరు చెబుతారని రాయడం లేదు. అంత దూరం నుంచి మీరు మాత్రం ఏం చేయగలరు? మీ వాక్యం వల్ల ఇది జరిగిందని మాత్రం అనుకోకండి. వాడు అడిగింది నన్ను.

ఈ సాయంత్రం వాడు మేడ మెట్లు కూర్చుని దిగాడు, ఒక్కో మెట్టూ చేతులు ఆనించి, కాలు చాపుకుని. నేను కింద నిలబడి చేతులు చాచాను.

"పక్కకి జరుగమ్మా. నేనే దిగుతా, ఐ గాట్ ఇట్" అన్నాడు.

జరిగాను.

ఇట్లు,
మీ పిల్లల తల్లి,
మల్లేశ్వరి