చెప్పుల దగ్గర చోటు

పాస్టరు గారికి,

కొండ ప్రార్థనకు నన్ను కుర్చీలో మోసుకెళ్లడానికి మీరు పంపినవాళ్లను వెనక్కి పంపేశాను. నేనింకా శవాన్ని కాలేదు. ఇన్నేళ్లూ సిలువ నా భుజం మీదే కొండెక్కింది. పోయిన నెల సగం దారిలో మోకాళ్లు పట్టు తప్పి కూలబడితే, మీరు సిలువ తీసి పక్కవాడి భుజానికెత్తి, నాతో ఒక్క మాటైనా అనకుండా పాట అందుకున్నారు. అది మరిచిపోను.

ఆ రోజు కూర్చుని జరుగుతూ కిందికి దిగాను. అక్కడ మన సంఘం వాళ్లు కొండెక్కే ముందు విడిచే చెప్పులకు కాపలా ఉండే వంటావిడ, అదే కాలు ఈడ్చే ఆవిడ, ఒక్కో జత సర్దుతూ ఆ జత మనిషి కోసం ప్రార్థన చేస్తోంది. పైన మీ పాట కిందికి వినపడదు.

"నీ ఎడమ చెప్పు ఒక పక్కే అరుగుతోందన్నా. నీ మోకాలి కోసం దేవుణ్ణి ఎప్పట్నించో అడుగుతున్నా" అంది.

"మరి ఆయన విన్నదెక్కడ?"

"వినబట్టేగా కూర్చున్నావు. మనుషులు చెప్తే వింటావా నువ్వు?"

ఒళ్లు మండింది. లేచిపోదామంటే కాళ్లు లేవలేదు. నా కోసం దేవుణ్ణి అడిగే మనిషి ఒకరున్నారని ఈ వయసులో తెలిసింది, అదీ చెప్పుల మధ్య. కాసేపటికి నేనూ కళ్లు మూసుకున్నాను.

ఈ మోకాళ్లు ఇక బాగుపడవు. కొండ ఎక్కను. ఆవిడ పక్కనే కూర్చుంటాను.

మీరొక్కరే బూట్లతో పైకి వెళ్తారు. ఈసారి కింద విడిచి వెళ్లండి. మీ మీద కోపం పోలేదు. అయినా మీ జత సర్దే వంతు నేను తీసుకుంటాను.

ఇట్లు,
తాపీమేస్త్రి