అందరికీ మా అమ్మాయి కొలతే

శ్రీయుత విద్యాధికారి గారి సముఖమునకు,

బడి ప్రహరీ గోడను ఆనుకుని కుట్టు దుకాణం నడుపుకొనుచున్న, 'కోట్లమ్మ' అని పిలువబడు దాని అర్జీ.

విషయం: తమ సర్క్యులరును తు.చ. తప్పక అమలు పరచినందుకు ప్రధానోపాధ్యాయుల వారు నాపై ఆగ్రహించుట గురించియు, మా అమ్మాయిని ఐదో తరగతి నుండి మూడో తరగతికి దింపుట గురించియు.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేసుకొనునది. ముందుగా ఒక మాట. ఈ అర్జీలో 'సదరు', 'పురస్కరించుకొని' లాంటివన్నీ మా మరిది మాటలు. అతను రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాస్తాడు. మిగతావి నావి. ఏది ఎవరిదో తమకు ఇట్టే తెలిసిపోతుంది. ఇక నన్ను కోట్లమ్మ అనేది కోట్లు కుడతానని. కోట్లున్నాయనుకుని అప్పుకోసం వచ్చి, టీ తాగి పోయినవాళ్లు కూడా ఉన్నారు.

1. సదరు బడిలో ఐదో తరగతికి మొన్నటిదాకా ఒక టీచరమ్మ ఉండేది. ఒకే పాఠాన్ని నాలుగు రకాలుగా చెప్పేది. చెవి సరిగా వినపడని పిల్లవాడిని తన బల్లకు ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడేది. నత్తి ఉన్న పిల్లను లేచి చెప్పమనకుండా పలక మీద రాసి చూపమనేది. మా అమ్మాయిది ఇంకో చిక్కు. విన్నది మరవదు, చేత్తో చేసింది అసలే మరవదు. కాగితం మీద నాలుగు ముక్కలు రాయాలంటే మాత్రం దానికి తలప్రాణం తోకకొస్తుంది. అందుకని టీచరమ్మ దాని చేత జవాబులు నోటితో చెప్పించుకునేది. భిన్నాల లెక్కలు కాగితం మడతపెట్టి నేర్పింది. మడతలు దానికి కొత్త కాదు, నా కత్తిరింపు బల్ల కిందే పెరిగిన పిల్ల. ఆ రోజుల్లో జడ వేసేదాకా కూడా ఆగకుండా బడికి పరుగెత్తేది.

2. అటు తరువాత తమ సర్క్యులరు వచ్చింది. 'అందరికీ ఒకే పాఠం, ఒకే రోజు, ఒకే పద్ధతి.' హెడ్మాస్టరు గారు దాన్ని వరండా గోడ మీద బారెడేసి అక్షరాలతో రాయించారు. టీచరమ్మ పద్ధతి సర్క్యులరుకు విరుద్ధమని ఆమెను తరగతి నుంచి తప్పించి, గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు వేసే పనిలో పెట్టారు. ఐదో తరగతి ఆయనే తీసుకున్నారు. చెవి వినపడని పిల్లవాడు పేర్ల వరసలో వెనక బెంచీకి పోయాడు. ఇప్పుడు వాడికి కనపడేది ముందువాళ్ల వీపులు.

3. పరీక్ష పెట్టారు. 'నాలుగో వంతులో సగం ఎంత?' అని ప్రశ్న. మా అమ్మాయి ప్రశ్నపత్రాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి. విప్పితే ఎనిమిది గళ్లు వచ్చాయి. అందులో ఒక గడిని పెన్సిలుతో నింపి, మళ్లీ మడిచి బల్ల మీద పెట్టింది. జవాబు అదే గదా. తమరు విద్యాధికారులు, తమకు నేను చెప్పాలా. మర్నాడు నాకు పిలుపు వచ్చింది.

"జవాబు రాయమంటే పడవ చేసిందమ్మా మీ అమ్మాయి," అన్నారు హెడ్మాస్టరు గారు.

"విప్పి చూశారా అండీ?"

"ఎందుకు చూడాలి? ప్రశ్నపత్రం నలిపితే సున్నా."

ఈ పడవ మాట ఆయన తరగతిలో కూడా అన్నారు. సాయంత్రానికల్లా బడి బడంతా దాన్ని 'పడవ' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ తరువాత దాన్ని మూడో తరగతిలో కూర్చోబెట్టారు. ఆ బెంచీలు చిన్నవి, మోకాళ్లు కొట్టుకుంటాయి.

4. నేను వెళ్లి బతిమాలుకున్నాను. అలవాటు లేని పని, అయినా చేశాను.

"పోనీ, నోటితో అడిగి చూడండి. ఒక్కటి తప్పు చెప్పినా నేనే తీసుకెళ్లి మూడో తరగతిలో కూర్చోబెడతాను."

"ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పుకుంటూ పోతే బడి నడవదమ్మా. ఇక్కడ అందరూ సమానమే."

"సమానమేనండీ. కానీ దానికి ఈ పద్ధతి పట్టడం లేదు."

"లోపం పద్ధతిలో లేదు, మీ అమ్మాయిలో ఉంది. ఇంట్లో అభ్యాసం చేయించండి. శ్రద్ధ ఉంటే ఎందుకు పట్టదు?"

ఇంటికొచ్చేసరికి పిల్ల బల్ల కింద, పీలికల మధ్య కూర్చుని ఉంది. వంగి చెయ్యి చాచాను.

"నాకు వచ్చమ్మా," అంది. "నాకు వచ్చని ఆయనకు తెలియదు. ఇంక నేను చెప్పను."

అంతే. అప్పటినుంచి ఏ లెక్క అడిగినా తెలియదంటుంది. తెలిసినదాన్ని తెలియదని చెప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బడిలో నేర్చుకుంది.

ఇక్కడ నాకు కడుపు మండిందని రాయమన్నాను. మా మరిది కలం ఆపాడు.

"వదినా, అర్జీలో అలా రాయకూడదు. 'తీవ్ర మనస్తాపమునకు గురియైతిని' అని రాయాలి."

"నాకు మండింది కడుపు నాయనా. మండిన చోటే రాయి."

5. ఇలా ఉండగా బడి వార్షికోత్సవం వచ్చింది. ఉపాధ్యాయులందరికీ నీలం కోట్లు కుట్టమని హెడ్మాస్టరు గారు గుడ్డ పంపి, తామే స్వయంగా వచ్చారు. "అందరికీ ఒకే రకంగా ఉండాలమ్మా. ఇసుమంత తేడా కనపడకూడదు," అన్నారు. ఈ మాటకు బడి గుమస్తా సాక్షి.

సరేనన్నాను. టేపు తీసి అందరి కొలతలూ మర్యాదగా తీశాను. తరువాత ఆ కొలతలు పక్కన పెట్టి, మా అమ్మాయిని బల్ల మీద నిలబెట్టి దాని భుజం, ఛాతీ, చెయ్యి కొలత తీసుకున్నాను. ఆ కొలతకే అన్నీ కుట్టాను. పనితనానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. అస్తరు, కాలరు, కాజాలు అన్నిటికీ ఒక్కలాగే, ఇసుమంత తేడా లేదు. విప్పి వదులు చేసుకోవడానికి లోపల మడత కూడా వదల్లేదు. మామూలుగా శత్రువుకైనా వదులుతాను.

6. వార్షికోత్సవానికి ముందు రోజు కోట్లు పట్టుకెళ్లాను. డ్రిల్లు మాస్టారు ఒక చెయ్యి దూర్చి, రెండో చేతికోసం తన చుట్టూ తానే తిరిగారు. లెక్కల మాస్టారు లెక్క తెలిసిన మనిషి, చూడగానే మడిచి పక్కన పెట్టేశారు. హెడ్మాస్టరు గారికి మోచేతుల దాకా ఎక్కి ఆగింది. పైకి పోదు, కిందికి రాదు. బంట్రోతులు చెరో చెయ్యి పట్టుకుని లాగారు.

"ఏమిటమ్మా ఇది? ఇది నాకు పట్టేదేనా?"

"ఇక్కడ అందరూ సమానమే గదండీ," అన్నాను. "లోపం కోటులో లేదు, మీలో ఉంది. ఇంట్లో అభ్యాసం చెయ్యండి. శ్రద్ధ ఉంటే ఎందుకు పట్టదు?"

గ్రంథాలయం కిటికీలో టీచరమ్మ అట్టకు జిగురు రాస్తూ తల వంచుకుంది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను. ఆ పూట చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాను. కక్ష అంటారా, కక్షే. ఆయన మా పిల్లను పడవ అన్నప్పుడు నాలో ఏం మునిగిందో ఆయనకు తెలియాలి.

7. ఇప్పుడు హెడ్మాస్టరు గారు, నేను అందరి ముందూ క్షమాపణ చెప్పకపోతే మా అమ్మాయి పేరు బడి నుంచే కొట్టేస్తామని కబురు చేశారు. ఇంకో బడి మాకు నడిచి పోయేంత దూరంలో లేదు. క్షమాపణ చెబుతాను. ముందు ఆయన ఆ ప్రశ్నపత్రం మడతలు విప్పి చూడాలి. చూసి మా అమ్మాయికి చెప్పాలి. ఆ తరువాత నా వంతు.

కావున ప్రార్థించునది ఏమనగా, మా అమ్మాయిని నోటితో పరీక్షించి ఐదో తరగతిలో కూర్చోబెట్టవలెననియు, చెవి వినపడని పిల్లవాడిని ముందుకు తేవలెననియు, అట్టలు వేసే పని ఇంకెవరికైనా అప్పగించి టీచరమ్మను పిల్లలకు తిరిగి ఇవ్వవలెననియు.

ఈ అర్జీని మూడు మడతలు పెట్టి పంపుచున్నాను. పడవ అనుకుని పక్కన పడేయక, విప్పి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కోట్లమ్మ

తా.క.: ఇది మా మరిది లేనప్పుడు రాస్తున్నాను. ఆ సర్క్యులరు తెచ్చినందుకు వచ్చే శుక్రవారం పై ఆఫీసులో తమకు సన్మానమట గదా. దానికి కోటు కుట్టమని తమ బంట్రోతు గుడ్డ, కొలతల చీటీ ఇచ్చి వెళ్లాడు. మంచి గుడ్డ. బల్ల మీద పరిచి ఉంది. కత్తెరకు నిన్ననే సాన పట్టించాను. తమ కొలతలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, నడుము సంగతి నా నోట బయటికి రాదు. అయితే 'అందరికీ' అన్నదాంట్లో తమరు కూడా ఉన్నారో లేదో తెలియక కత్తెర పెట్టకుండా ఆగాను. ఉన్నారంటే చిక్కే లేదు, మా అమ్మాయి కొలత నాకు కంఠతా వచ్చు. లేరంటే, ఎవరి కొలత వారిదేనని ఆ గోడ మీద కూడా రాయించండి.

ఏ సంగతో గురువారం లోపు తెలియజేయగలరు. జవాబు రాయడం తమకు కష్టమైతే నోటితో చెప్పి పంపినా తీసుకుంటాను.