గుమ్మంలోంచి నిన్ను పిలిచిన పిలుపు

మామ్మా,

తప్పు చేసింది మల్కాపురంలో మన పాప చదివే బడి. "నేను" అనకుండా మనలా "నాను" అన్నందుకు టీచరమ్మ దాన్ని లేపి నిలబెట్టి, క్లాసంతా నవ్వేలా చేసింది.

ఇవాళ నీ సంవత్సరీకం. ఆకులో నీకిష్టమైన చేపల పులుసు వడ్డించాం. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లే గుమ్మంలో నిలబడి పోయినవాళ్లను పిలవాలి కదా, మన పాపే, అక్క కూతురు, నిలబడింది. "తాతమ్మగారూ, భోజనానికి దయచేయండి" అంది, పాఠం అప్పజెప్పినట్టు.

"ఓలమ్మ, కలెక్టరమ్మని పిలిసినట్టు పిలత్తందే!" అని అమ్మ నవ్వింది. నాకు మాత్రం భయమేసింది. ఆ పిలుపు నీకేనని నీకెలా తెలుస్తుంది? గడప అవతలే ఆగిపోయావేమో.

"మనింట్లోలా పిలవే" అన్నాను. పాప రెండు చేతులతో నోరు మూసుకుంది. "వద్దు మామా, నవ్వుతారు."

భాషలు మారడం మామూలేనని పుస్తకాల్లో చదివాను. రేవు కూలీల దగ్గర హిందీ, సాయిబుల కొట్లో ఉర్దూ పట్టుకొచ్చి నువ్వే నీ మాట మార్చుకున్నావు, నవ్వుతూ. పాప మాట సిగ్గుతో మారుతోంది. అదే నన్ను వణికిస్తోంది.

చివరికి నేనే పిలిచాను: "మామ్మా, రాయే, పులుసు సల్లారిపోతంది."

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, గంట కొట్టకముందే, పాపను ఎందుకు నవ్వులపాలు చేశారని నిలదీయడానికి వీధంతా ఆ బడి గేటు దగ్గర చేరాలి. భయంగానే ఉంది. నువ్వూ రాయే.