రాని డబ్బింగ్ పిలుపు

బుధవారం, రాత్రి

నాంపల్లి ఇరానీ హోటల్లో నా మేనేజర్ యాదగిరి కలిశాడు. కొత్త సినిమాలో నేను చేసిన ఒక్క సీనుకి డబ్బింగ్ ఎప్పుడని అడిగాను.

"మీకు డబ్బింగ్ అవసరం లేదు సార్. షూటింగ్ల మాట్లాడిందే పెడ్తున్రు. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు, ఛాయ్ సాసర్లో పోసుకుంటూ. నా మొహం చూడలేదు.

ఆ సీను తీసిన రోజు అబిడ్స్ లాడ్జీలో కెమెరా పక్కనే పెద్ద ఫ్యాన్ రొద పెడుతూ తిరిగింది. కింద బస్సుల హారన్లు. అక్కడి మాటలే సినిమాలో ఉంచేవాళ్లు ముందు ఆ ఫ్యాన్ ఆపించరా? ఇన్నేళ్లుగా షూటింగుల్లో తిరిగే యాదగిరికి ఇది తెలియదా? ఎడిటింగ్‌లో సీను ఎగిరిపోతేనే డబ్బింగ్‌కి పిలవరు. లేదంటే నా డైలాగులు ఇంకెవడిచేతైనా చెప్పించారేమో... ఒకప్పుడు నేను తుమ్మితే చాలు, హాలంతా నవ్వేది.

"మంచిదేలే," అని నవ్వాను. నమ్మేశాడు. నటన ఇంకా పోలేదన్నమాట.

ఇంటికొచ్చాక మా ఆవిడ లలిత కూడా అదే అడిగింది. యాదగిరి మాటలే అప్పజెప్పాను.

"పోనీలెండి, మీ గొంతుకి శ్రమ తప్పింది," అంది పప్పు వడ్డిస్తూ.

తనూ నా మొహం చూడలేదు.