గుగుగు, డెబ్బై రెండుసార్లు

చొర్వన్ సైనిక శిబిరం,
ఫిబ్రవరి 9

ప్రియమైన అక్కా,

'ప్రియమైన' అని అలవాటుకొద్దీ రాశాను. నమ్మకు.

ఫోన్ ఎందుకు చేయలేదో నీకు తెలుసు. కోపం వస్తే నోరు మూసుకుని కాగితం మీద రాసుకోండి అని అమ్మమ్మ మనిద్దరికీ చిన్నప్పుడే షరతు పెట్టింది. అందుకే రాస్తున్నాను. ఇప్పటికి రెండు కాగితాలు చిరిగాయి.

నీ కొత్త పాట విన్నాను. ఒక్కణ్ణే విన్నా బాగుండేది. "మా అక్క మొదటిసారి తనే రాసిన పాట, మా అమ్మమ్మ మీద" అని నెల రోజులు డప్పు కొట్టుకుని, బారక్స్‌లో అందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టాను. తీరా చూస్తే ఏముంది? "గుగుగు గుగుగు, రా రా, గుగుగు." మా సార్జెంటు లెక్కపెట్టాడు, డెబ్బై రెండుసార్లు. మధ్యలో రెండు 'బేబీ'లు. దీనికోసమా నువ్వు ఏడాదిపాటు నోటుపుస్తకం చంకలో పెట్టుకు తిరిగింది?

ఇప్పుడు నేను పళ్ళెం పట్టుకుని భోజనానికి వెళితే వరసంతా "గుగుగు" అని పిలుస్తోంది. సార్జెంటైతే "ఏరా కోడీ, గింజలు చాలా, ఇంకొంచెం వెయ్యనా?" అంటున్నాడు.

నవ్వితే నవ్వారు. నాకు మండేది అందుకు కాదు. అది అమ్మమ్మ కోళ్ళను పిలిచే పిలుపు. మన ఊరు గొక్సంగ్‌లో, పెరట్లో, ఒడిలో జొన్నలు పోసుకున్నాకే నోరు విప్పేది. ఆ గొంతు వినబడితే కోళ్ళతోపాటు మనమూ పరిగెత్తేవాళ్ళం. ఆవిడ ఇప్పుడు వృద్ధాశ్రమంలో గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. మాట పలికి ఎనిమిది నెలలైంది. ఆవిడకు మిగలని మాటను నువ్వు పట్టుకెళ్ళి, ఖాళీ చేతులు ఊపుకుంటూ, కోడిలా మెడ ఆడించుకుంటూ గెంతావు. సిగ్గనిపించలేదూ?

ఈ నెలకి నీ తమ్ముణ్ణి కాని,
కిబొం

*

సియోల్,
ఫిబ్రవరి 16

ప్రియమైన కోడికి,

తిట్టడం అయిందా? ఇక నా వంతు.

మూడు చరణాలు రాశానురా. మూడూ అమ్మమ్మ మీదే. బాణీ వినిపించేటప్పుడు మాటలు కుదరని చోట ఏదో ఒకటి పాడేస్తాం, 'లాలా' అనో 'నానా' అనో. ఆ రోజు నా నోటికి 'గుగుగు' వచ్చింది. అంతే, మా నిర్మాత కుర్చీలోంచి లేచి "ఇదే ఉంచుదాం, మిగతాదంతా తీసేద్దాం" అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను, నోటుపుస్తకం ఆయన బల్లమీద విసిరికొట్టాను. "ముసలమ్మల పాటకి ఎవరు ఆడతారమ్మా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

మా పాటల జట్టులో అయిదుగురికీ కంపెనీతో ఉన్న ఏడేళ్ళ ఒప్పందం ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఈ పాట ఆడకపోతే మా జట్టు లేదు. నాతో ఆడే నలుగురి మొహాలూ చూసి నోరు మూసుకున్నాను. నువ్వైతే ఏం చేసేవాడివి? సార్జెంటు ఒక్కమాట అంటే పళ్ళెం పట్టుకుని నిలబడ్డావుగా!

అయినా పాట ఆడటం లేదులే. సంతోషించు.

నీ అక్క (నీకు ఇష్టం లేకపోయినా),
సొల్హీ

*

చొర్వన్,
ఫిబ్రవరి 24

అక్కా,

ఈసారి 'ప్రియమైన' కూడా లేదు.

ఆయన తీసేశాడు, ఆయన నవ్వాడు, ఒప్పందం అయిపోతోంది. అన్నీ వాళ్ళవల్లే. మరి ఆశ్రమానికి నువ్వు వెళ్ళి ఎన్నాళ్ళైంది? పోయిన జూన్‌లో వెళ్ళావు, మళ్ళీ లేదు. అదీ ఆ నిర్మాతే వద్దన్నాడా?

మార్చి 3న అమ్మమ్మ పుట్టినరోజు. నాకు సెలవు లేదన్నారు. నీకు దమ్ముంటే వెళ్ళి, ఆవిడ ఎదురుగా నిలబడి ఆ డెబ్బై రెండూ పాడు. పాడలేవు. మొహం చెల్లకే నువ్వు అటు పోవడం లేదు.

కిబొం

*

సియోల్,
మార్చి 5

ఒరేయ్ కిబొం,

దమ్ముంటే అన్నావుగా. వెళ్ళాను.

పుట్టినరోజని ఆనవాయితీగా సముద్రపు నాచు పులుసు, తెల్లన్నం పెట్టారు. నేను పక్కన కూర్చుని మూడు చరణాలూ చదివాను. ఎంత బాగా చదివానో! అమ్మమ్మ గోడవైపునుంచి చూపు తిప్పలేదు. నిర్మాతను తిట్టినట్టే ఆ గోడనూ తిట్టాలనిపించింది.

ఇంతలో ఆయాలు నన్ను గుర్తుపట్టి, టీవీలో మా పాట పెట్టి "ఒక్కసారి ఆడమ్మా" అని పట్టుబట్టారు. నీమీద కసితోనే లేచాను. గుగుగు అంటూ రెండు చేతులూ చాచి మెడ ఆడించానో లేదో, చెంచా ఒకటి వచ్చి నా మోకాలికి తగిలింది.

"ఎవత్తివే నువ్వు? చేతిలో గింజ లేకుండా పిలుస్తావేం? ఇన్నేసిసార్లు పిలిచి ఉత్త చేతులు చూపిస్తే రేప్పొద్దున వస్తాయిటే అవి? బుద్ధి లేదూ?"

దాదాపు తొమ్మిది నెలల తర్వాత మొదటి మాటలురా. అన్నీ తిట్లే. నన్ను గుర్తుపట్టలేదు, కానీ పాటను పట్టేసింది. నేను నిలబడి నా చేతులు చూసుకున్నాను, ఏడుపు ఆగలేదు. తర్వాత ఆవిడ గిన్నెలోంచే పిడికెడు అన్నం తీసుకుని మళ్ళీ పిలిచాను. "ఆఁ, ఇప్పుడు పిలువు. గొంతు అంత చించుకోకు" అంది. గది నిండా మెతుకులు, ఆయాల కేకలు. నేను ఆపలేదు.

నా మొదటి చరణం ఎలా మొదలవుతుందో తెలుసా? "ఒడి నిండాకే నోరు విప్పేది మా అమ్మమ్మ." గింజ ఉన్నది అక్కడేరా. వాళ్ళు తీసేసింది దాన్నే. తీసేయనిచ్చింది నేను.

పధ్నాలుగో తారీకున టీవీలో ఈ పాటతో మా ఆఖరి ప్రసారం. పాట వందో స్థానం కిందికి పడిపోయింది, ఇక పోయేదేమీ లేదు. నలుగురికీ చెప్పాను, సరేనన్నారు. మధ్యలో మాటలు లేకుండా వాయిద్యాలు మాత్రమే మోగే పన్నెండు సెకన్లు ఉన్నాయి. అక్కడ నా చరణం పాడతాను. మైకు ఆపేస్తే ఆపనీ, అరిచి పాడతాను. జేబులో జొన్నలు పోసుకున్నాను.

మీ బారక్స్‌లో టీవీ పెట్టించు. డెబ్బై రెండుసార్లూ నవ్వుకోమను. ఆ పన్నెండు సెకన్లు మాత్రం మీ సార్జెంటును నోరు మూసుకోమను.

పిడికిలి నిండా గింజలతో,
నీ అక్క సొల్హీ