ముడుచుకున్న చెయ్యి

నాగశ్రీ,

వేళ్లు సాగదీయించుకుంటానని రాత్రి అన్నందుకు మీ మామ ఇంకా అలిగే ఉన్నాడు. చారు వేడి చేసి నువ్వే పెట్టు. "మెడికల్ బోర్డు చూసేదాకా ఆ వేళ్లు సాగదీయొద్దని వకీలు చెప్పినాడు గదా! వేళ్లు సాగితే డబ్బు తగ్గుతాది, ఇన్సూరెన్సు కేసు పాడు చేస్తాండావు" అని పొద్దున కూడా అరిచాడు.

కారు బోల్తా పడినప్పుడు మా అత్త నా ఈ కుడి చెయ్యే పట్టుకుంది. "ఇడిసిపెట్టొద్దు మే" అంది. ఆమె పోయినా, పిడికిట్లో ఇప్పటికీ ఆమె వేళ్లు తగులుతాయి. తెరిస్తే ఆమెను వదిలేసినట్టేనని భయం. అందుకే ఇన్నాళ్లూ వకీలు మాటకు తలూపాను.

నిన్న నీ కూతురు చెయ్యి పట్టుకోమని అడిగితే పట్టుకోలేకపోయాను.

ఎడమ చేత్తో రాశాను, కూడబలుక్కుని చదువుకో. కడప బస్సెక్కుతున్నాను. ఇవాళ్టి నుంచి ఆసుపత్రిలో వేళ్లకు వ్యాయామం చేయించుకుంటాను. అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఈ మాట చెప్పు.